లేజర్ స్పెక్ట్రోస్కోపీతో పరమాణు కేంద్రకాల అధ్యయనం: తరచుగా అడిగే ప్రశ్నలు

లేజర్ కాంతి తరంగం కేంద్రకం కంటే కోట్ల రెట్లు పెద్దది కదా, దానితో కేంద్రకం ఎలా కనిపిస్తుంది?

కనిపించదు. 400 నానోమీటర్ల కాంతితో ఏడెనిమిది ఫెమ్టోమీటర్ల వస్తువును చూడడం కుదిరే పని కాదు. లేజర్‌కు తగిలేది ఎలక్ట్రాన్ ఒక్కటే. అయితే ఆ ఎలక్ట్రాన్ శక్తి స్థాయిలు కేంద్రకం ఎంత పెద్దదో, గుండ్రంగా ఉందో సాగి ఉందో, అయస్కాంతంలా ఎంత బలంగా పనిచేస్తోందో అన్నదాన్ని బట్టి ఇసుమంత జరుగుతాయి. ఎస్-కక్ష్యలోని ఎలక్ట్రాన్లకైతే కేంద్రకం లోపల కూడా కొంత ఉనికి ఉంటుంది, కాబట్టి జరుగుబాటు వాటిలోనే ఎక్కువ. ఈ జరుగుబాటు దృశ్యకాంతి పౌనఃపున్యంలో పది లక్షల్లో ఒక వంతు, అంతకంటే తక్కువ కూడా. కొలవాల్సింది దాన్నే.

కొలిస్తే ఏమేం తెలుస్తాయి? ఏవి తెలియవు?

కేంద్రక స్పిన్, అయస్కాంత భ్రామకం, విద్యుత్ క్వాడ్రుపోల్ భ్రామకం (ఆవేశం గుండ్రంగా కాక ఎంత సాగి ఉందో చెప్పేది), ఒక ఐసోటోపుకూ మరో ఐసోటోపుకూ మధ్య ఆవేశ వ్యాసార్ధంలో తేడా. ఈ నాలుగూ భూస్థితికీ, మిల్లీసెకన్లకు మించి బతికే ఐసోమర్లకూ (ఉత్తేజిత స్థితిలోనే కొంతకాలం నిలిచే కేంద్రకాలకూ) దొరుకుతాయి. మొదటి మూడింటికి కేంద్రక నమూనా ఏదీ ముందే నమ్మనక్కర్లేదు. ఈ పద్ధతికి ఉన్న విలువంతా అందులోనే ఉంది.

న్యూట్రాన్లు ఎంత దూరం పరుచుకున్నాయో నేరుగా తెలియదు, ఎందుకంటే ఎలక్ట్రాన్ స్పందించేది ప్రోటాన్ల ఆవేశానికి. కేంద్రకపు ఉత్తేజిత స్థాయిల శక్తులూ ఇందులో రావు.

శిఖరాలను చూసి స్పిన్ ఎలా చెబుతారు?

కేంద్రక స్పిన్ ఐ, ఎలక్ట్రాన్ల కోణీయ ద్రవ్యవేగం జే కలిసి మొత్తం ఎఫ్ అవుతుంది. ఎఫ్‌కు ఎన్ని విలువలు సాధ్యమో ఆ స్థాయి అన్ని ముక్కలుగా చీలుతుంది. దీన్నే హైపర్‌ఫైన్ నిర్మాణం అంటారు. క్వాడ్రుపోల్ ప్రభావం లేనప్పుడు పక్కపక్క ముక్కల మధ్య దూరం, హైపర్‌ఫైన్ స్థిరాంకం 'ఏ'ను రెండు ఎఫ్‌లలో పెద్దదానితో గుణిస్తే వస్తుంది.

కాల్షియం-43 అయాన్‌ను తీసుకుందాం. దాని స్పిన్ 7/2. భూస్థితిలో జే 1/2 కాబట్టి ఎఫ్ 3, 4 అనే రెండు స్థాయిలు. స్థిరాంకం దాదాపు -806.4 మెగాహెర్ట్జ్; 4తో గుణిస్తే చీలిక 3226 మెగాహెర్ట్జ్. గుర్తు రుణాత్మకం కనుక ఎఫ్=4 కింద ఉంటుంది. 393 నానోమీటర్ల కాంతితో ఎక్కే పైస్థాయికి జే 3/2, ఎఫ్ 2 నుంచి 5 వరకు. ఎఫ్ ఒకటికి మించి మారకూడదన్న నియమం వల్ల వర్ణపటంలో మూడేసి శిఖరాల రెండు గుంపులు, మొత్తం ఆరు కనిపిస్తాయి. గుంపుల మధ్య ఎడం 3.2 గిగాహెర్ట్జ్ పైమాటు. ఒక గుంపులోని శిఖరాల మధ్య మాత్రం సుమారు 90 నుంచి 155 మెగాహెర్ట్జ్ లోపే, ఎందుకంటే పైస్థాయి స్థిరాంకం -31 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది.

తెలియని ఐసోటోపు వచ్చినప్పుడు వేర్వేరు స్పిన్‌లు ఊహించి ఫిట్ చేస్తారు. తప్పు స్పిన్ కూడా ఒక్కోసారి చూడముచ్చటగా సరిపోతుంది, అందుకే ఫిట్ అందాన్ని నమ్మకూడదు. గట్టి పరీక్ష ఏమిటంటే, పైస్థాయి, కిందిస్థాయి స్థిరాంకాల నిష్పత్తి ఆ మూలకపు ఐసోటోపులన్నిటికీ దాదాపు ఒకటే. తప్పు స్పిన్ పెడితే ఈ నిష్పత్తి చెదురుతుంది. రెండు స్థాయిలకూ జే 1/2 అయితే ఈ పరీక్ష కూడా పనిచేయదు. స్పిన్ 1 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే ఎప్పుడూ నాలుగు శిఖరాలే వస్తాయి. అప్పుడు శిఖరాల ఎత్తుల నిష్పత్తి మీద ఆధారపడాలి, ఆ ఎత్తుల్ని ఆప్టికల్ పంపింగ్, అంటే లేజరే అయాన్లను వేరే స్థాయిలోకి నెట్టేయడం, పాడుచేస్తుంది. కాబట్టి సంక్రమణను ఎంచుకునేటప్పుడే కనీసం ఒక స్థాయికి జే 1 కంటే ఎక్కువ ఉండేలా చూసుకోవడం మేలు. జే 1/2 స్థాయిలో క్వాడ్రుపోల్ భ్రామకం అసలు కనిపించదు కూడా.

వ్యాసార్ధం ఎలా వస్తుంది? దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

రెండు ఐసోటోపుల సంక్రమణ పౌనఃపున్యాల తేడాలో రెండు భాగాలుంటాయి: కేంద్రకం బరువు మారినందువల్ల వచ్చే ద్రవ్య మార్పు, పరిమాణం మారినందువల్ల వచ్చే క్షేత్ర మార్పు. మనకు కావాల్సింది రెండోది. పాదరసం, సీసం వంటి బరువైన మూలకాల్లో రెండోదే పెద్దది. తేలిక మూలకాల్లో పరిస్థితి తలకిందులు.

మళ్లీ కాల్షియంనే చూడండి. 40కీ 44కీ మధ్య, 393 నానోమీటర్ల గీత దాదాపు 850 మెగాహెర్ట్జ్ జరుగుతుంది. ద్రవ్య మార్పు ఒక్కటే అయితే సుమారు 930 ఉండాలి. తేడా 80 మెగాహెర్ట్జ్. ఒక చదరపు ఫెమ్టోమీటర్‌కు దాదాపు 280 మెగాహెర్ట్జ్ చొప్పున లెక్కిస్తే, వ్యాసార్ధ వర్గ సగటు 0.28 చదరపు ఫెమ్టోమీటర్లు పెరిగినట్టు. అదే 40కీ 48కీ మధ్య ద్రవ్య మార్పూ, కొలిచిన మార్పూ రెండూ 1.7 గిగాహెర్ట్జ్ దగ్గరే కలిసిపోతాయి. అంటే ఎనిమిది న్యూట్రాన్లు చేరినా కాల్షియం-48 ఆవేశ వ్యాసార్ధం కాల్షియం-40తో దాదాపు సమానం, రెండూ 3.48 ఫెమ్టోమీటర్ల దగ్గరే.

ద్రవ్య మార్పు, క్షేత్ర మార్పు ఎంతెంతో చెప్పే రెండు గుణకాలను విడదీయడానికి కింగ్ ప్లాట్ అనే గ్రాఫు వాడతారు. స్థిరమైన ఐసోటోపుల వ్యాసార్ధాలు ఎలక్ట్రాన్ ప్రకీర్ణనం నుంచీ, మ్యుయానిక్ పరమాణువుల (ఎలక్ట్రాన్‌కు బదులు బరువైన మ్యుయాన్ తిరిగేవాటి) ఎక్స్-కిరణాల నుంచీ ముందే తెలిసి ఉంటే, ఐసోటోప్ మార్పులనూ వ్యాసార్ధ మార్పులనూ ఐసోటోపుల ద్రవ్యరాశుల ప్రకారం సవరించి గీసిన సరళరేఖ వాలు క్షేత్ర గుణకాన్ని, అక్షాన్ని కోసే చోటు ద్రవ్య గుణకాన్ని ఇస్తాయి. సోడియం, అల్యూమినియం, మాంగనీసు, కోబాల్ట్ లాంటివాటికి స్థిర ఐసోటోపు ఒక్కటే ఉంది, కాబట్టి కింగ్ ప్లాట్ గీయడానికి బిందువులే లేవు. అక్కడ పరమాణు సిద్ధాంత గణనలను నమ్మక తప్పదు. ప్రచురించిన వ్యాసార్ధం పక్కన రెండు దోషాలు విడివిడిగా రాయడం ఇందుకే: ఒకటి కొలతది, రెండోది ఈ గుణకాలది. రెండోది మొత్తం ఐసోటోపుల గొలుసును ఒకేవైపు వంచుతుంది గానీ పక్కపక్క ఐసోటోపుల మధ్య ఎగుడుదిగుళ్లను చెరపదు. గ్రాఫు చదివేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోకపోతే లేని మలుపు ఉన్నట్టూ, ఉన్న మలుపు లేనట్టూ అనిపిస్తుంది.

అయాన్ పుంజంతో పాటే లేజర్‌ను ఎందుకు పంపుతారు?

డాప్లర్ వెడల్పును, అంటే పరమాణువులు వేర్వేరు వేగాలతో కదలడం వల్ల గీత పరుచుకోవడాన్ని, తగ్గించడానికి. 2000 కెల్విన్‌ల ఓవెన్‌లోని కాల్షియంను అలాగే చూస్తే 393 నానోమీటర్ల గీత దాదాపు 3.9 గిగాహెర్ట్జ్ వెడల్పుంటుంది. పైన చెప్పిన 155 మెగాహెర్ట్జ్ ఎడాలు అందులో కలిసిపోతాయి. అదే అయాన్లను 30 కిలోవోల్టులతో వేగవంతం చేస్తే, వాటి మధ్య ఉన్న శక్తి తేడా అలాగే ఉంటుంది కానీ వేగ తేడా కుంచించుకుపోతుంది. శక్తి వేగవర్గం మీద ఆధారపడేది కదా. పుంజంలో శక్తి చెదరు 1 ఎలక్ట్రాన్‌వోల్ట్ అయితే మిగిలే డాప్లర్ వెడల్పు 16 మెగాహెర్ట్జ్. ఆ గీత సహజ వెడల్పే 23 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది కాబట్టి అంతకంటే తగ్గించినా పెద్దగా ఒరిగేది లేదు. ఈ ఆలోచన 1976లో వచ్చింది. నేటికీ సెర్న్‌లోని ఐసోల్డే, ఫిన్లాండ్‌లోని యువాస్కులా, కెనడాలోని ట్రయంఫ్, అమెరికాలోని మిషిగన్ కేంద్రాల్లో ఇదే పద్ధతి నడుస్తోంది.

ఐసోటోపు పుట్టిన దగ్గర్నుంచి వర్ణపటం దాకా వరుస ఏమిటి?

ఐసోల్డేలో అయితే 1.4 గిగా ఎలక్ట్రాన్‌వోల్టుల ప్రోటాన్లు యురేనియం కార్బైడ్ లక్ష్యాన్ని కొడతాయి. లక్ష్యాన్ని దాదాపు 2000 డిగ్రీల సెల్సియస్‌లో ఉంచుతారు, పుట్టిన పరమాణువులు త్వరగా బయటికి వ్యాపించాలని. అవి అయాన్లయి, 30 నుంచి 60 కిలోవోల్టులతో వేగం పుంజుకుని, అయస్కాంతం గుండా వెళ్లి ద్రవ్యరాశి ప్రకారం విడిపోతాయి. తర్వాత కూలర్-బంచర్, అంటే అయాన్లను చల్లబరిచి గుంపులు కట్టే ఉచ్చు. అక్కడి నుంచి గుంపులుగా లేజర్ పుంజంలోకి.

అయాన్‌కు అందుబాటులో తగిన గీత లేకపోతే సోడియం లేదా పొటాషియం ఆవిరి నిండిన ఆవేశ మార్పిడి గది గుండా పంపి తటస్థ పరమాణువుగా మారుస్తారు. లేజర్ పౌనఃపున్యాన్ని కదపరు. ఆ గదికో, ఫోటాన్లు పట్టే చోటికో పెట్టిన వోల్టేజీని మెట్లుమెట్లుగా మారుస్తారు. అయాన్ వేగం మారితే దానికి కనిపించే కాంతి పౌనఃపున్యం మారుతుంది. కాల్షియం-40కి 30 కిలోవోల్టుల దగ్గర ఒక్క వోల్టుకు 16 మెగాహెర్ట్జ్ చొప్పున కదులుతుంది. కాబట్టి 3.2 గిగాహెర్ట్జ్ చుట్టిరావడానికి 200 వోల్టులు చాలు. వెలువడిన ఫోటాన్లను ఫోటోమల్టిప్లయర్లు లెక్కిస్తాయి.

కూలర్-బంచర్ లేకుండా కుదరదా?

స్థిర ఐసోటోపులకు కుదురుతుంది. అరుదైనవాటికి కష్టం. వెయ్యి నుంచి పదివేల అయాన్లకు ఒక ఫోటాన్ దొరికితే గొప్ప, అదే సమయంలో అద్దాల మీద, రంధ్రాల అంచుల మీద చెదిరిన లేజర్ కాంతి సెకనుకు వేల లెక్కలు ఇస్తూనే ఉంటుంది. రేడియో పౌనఃపున్య ఉచ్చులో హీలియం వాయువుతో చల్లబరిచి 50 మిల్లీసెకన్లు పోగేసి, 5 మైక్రోసెకన్ల గుంపుగా వదిలితే, ఆ 5 మైక్రోసెకన్లలో వచ్చిన లెక్కలే తీసుకోవచ్చు. నేపథ్యం పదివేల వంతుకు పడిపోతుంది. సిగ్నల్ మాత్రం తగ్గదు. శక్తి చెదరు తగ్గడం అదనపు లాభం.

చిక్కులూ ఉన్నాయి. ఉచ్చులో ఎక్కువ అయాన్లు నిండితే ఒకదాన్నొకటి తోసుకుని శిఖరం ఉబ్బుతుంది, జరుగుతుంది కూడా. ఆ ఎక్కువ అయాన్లు తరచుగా మనకు కావాల్సినవి కావు, అదే ద్రవ్యసంఖ్య ఉన్న వేరే మూలకానివి. రుబీడియం, గాలియం లాంటివి వేడి ఉపరితలం తగిలితే చాలు అయాన్లయిపోయి మందలుగా వస్తాయి. ఐసోటోపు అర్ధాయుష్షు 20 మిల్లీసెకన్లయితే 100 మిల్లీసెకన్లు పోగేయడమూ దండగే.

లేజర్ మంచిదైతే కొలత మంచిదైనట్టేనా?

కాదు. ఈ రంగంలో కొత్తవారు లేజర్ గురించి పడే ఆత్రుతలో సగం వోల్టేజీ మీద పెడితే బాగుంటుంది. లేజర్‌ను వేవ్‌మీటర్‌తోనో ఫ్రీక్వెన్సీ కోంబ్‌తోనో ఒకటి రెండు మెగాహెర్ట్జ్‌ల లోపు పట్టి ఉంచడం నేడు పెద్ద పని కాదు. 30,000 వోల్టులను పదివేలలో ఒక వంతు ఖచ్చితత్వంతో తెలుసుకున్నామనుకోండి, అంటే 3 వోల్టుల తప్పు. కాల్షియం గీత మీద అది 48 మెగాహెర్ట్జ్. 40, 48లను పోల్చినప్పుడు చాలా భాగం రద్దయి 4 మెగాహెర్ట్జ్ మిగులుతుంది. ఆ 4 మెగాహెర్ట్జ్ కూడా 0.015 చదరపు ఫెమ్టోమీటర్ల దొంగ వ్యాసార్ధ మార్పుగా తేలుతుంది. ద్రవ్య తేడా పెరిగేకొద్దీ తప్పూ పెరుగుతుంది కాబట్టి అది గొలుసు పొడవునా ఒక వాలుగా, అచ్చం భౌతికశాస్త్రంలాగే కనిపిస్తుంది.

ఇంకో సూక్ష్మం: విద్యుత్ సరఫరా పెట్టె మీద కనిపించే అంకె అయాన్ శక్తి కాదు. అయాన్లు బయలుదేరేది ఉచ్చు లోపలి ఎలక్ట్రోడ్ల పొటెన్షియల్ నుంచి, అది కొన్ని వోల్టులు తేడాగా ఉంటుంది. విరుగుడు: లేజర్‌ను ఒకసారి పుంజం వెంట, ఒకసారి ఎదురుగా పంపి రెండు పౌనఃపున్యాలు కొలవడం. వాటి లబ్ధం, నిశ్చల పరమాణువు పౌనఃపున్యపు వర్గానికి సమానం. వోల్టేజీ సమీకరణం నుంచే తొలగిపోతుంది. స్థిర ఐసోటోపుతో ఇలా చేసి వోల్టేజీని తిరగలెక్కిస్తారు. తర్వాత ప్రయోగం సాగుతున్నంతసేపూ కొన్ని గంటలకోసారి ఆ రిఫరెన్స్ ఐసోటోపును మళ్లీ కొలుస్తారు. మధ్యలో ఈ కొలతలు ఎగ్గొడితే, తర్వాత ఎంత విశ్లేషణ చేసినా జరిగిన కదలిక వోల్టేజీదో కేంద్రకానిదో తేల్చలేరు.

లేజర్ శక్తి పెంచితే సిగ్నల్ పెరగదా?

కొంతవరకే. పుంజంలో ఒక మిల్లీవాట్ చుట్టుపక్కల సాధారణంగా సరిపోతుంది. పెంచితే గీత వెడల్పవుతుంది, చెదిరే కాంతి పెరుగుతుంది, ఆప్టికల్ పంపింగ్ మొదలవుతుంది. కాల్షియం అయాన్ 393 నానోమీటర్లతో పైకెక్కి, నూటికి ఆరేడు సార్లు కిందికి రాకుండా డి-స్థాయి అనే మధ్య మెట్టులోకి జారుతుంది. అంటే సగటున పదిహేను ఫోటాన్ల తర్వాత ఆ అయాన్ మనకు లేనట్టే. అది ఫోటోమల్టిప్లయర్ ముందుకు రాకముందే ఈ కోటా ఖర్చయిపోకూడదు. అందుకే దారి పొడవునా వేరే వోల్టేజీలో ఉంచి, డిటెక్టర్ ఎదుట మాత్రమే లేజర్‌తో రెజొనెన్స్‌లోకి తెస్తారు.

అంతా సిద్ధం, కానీ శిఖరం కనిపించడం లేదు. ఎక్కడ వెతకాలి?

ముందు స్థిర ఐసోటోపుతో శిఖరం వచ్చిందా అన్నది చూడండి. అదే రాకపోతే అరుదైనది వచ్చే ప్రసక్తే లేదు. లేజర్, అయాన్ పుంజం రెండూ రెండు చివరలా ఉన్న సన్నని రంధ్రాల్లో ఒకేచోట దూరుతున్నాయో లేదో పరీక్షించాలి.

తర్వాత దిశ. 30 కిలోవోల్టుల దగ్గర కాల్షియం-40 డాప్లర్ మార్పు 968 గిగాహెర్ట్జ్, అర నానోమీటరు. వెంట పంపేదానికీ ఎదురు పంపేదానికీ గుర్తు తారుమారైతే ఒక నానోమీటరు అవతల వెతుకుతూ కూర్చుంటారు. టైమ్ గేట్, అంటే లెక్కలు తీసుకునే ఆ కొద్ది మైక్రోసెకన్ల వ్యవధి, కూడా ఇలాంటిదే. ప్రయాణ సమయం ద్రవ్యరాశి వర్గమూలంతో పెరుగుతుంది. 40 నుంచి 52కు మారితే 14 శాతం ఆలస్యం. గేట్ పాతచోటే ఉంటే గుంపు వచ్చి వెళ్లిపోయినా లెక్కలో పడదు.

శిఖరం వచ్చినా ఒకవైపు తోక ఉంటే ఆవేశ మార్పిడి గదిని అనుమానించండి. ఢీకొన్నప్పుడు పరమాణువు కొన్ని ఎలక్ట్రాన్‌వోల్టులు పోగొట్టుకుంటే ప్రధాన శిఖరం పక్కన చిన్న శిఖరం మొలుస్తుంది. ఆవిరి సాంద్రత తగ్గిస్తే అది కుదించుకుపోతుంది. సౌష్ఠవమైన ఫంక్షన్‌తో బలవంతంగా ఫిట్ చేస్తే కేంద్రస్థానం జరుగుతుంది.

సెకనుకు కొద్ది అయాన్లే వస్తే?

ఫోటాన్లు లెక్కించడం మాని అయాన్లు లెక్కించాలి. కొలినియర్ (లేజర్, పుంజం ఒకే గీతలో సాగే) రెజొనెన్స్ అయనీకరణంలో తటస్థ పరమాణువును ఒక లేజర్ ఉత్తేజపరుస్తుంది, రెండోది ఎలక్ట్రాన్‌ను ఊడబెరుకుతుంది, పుట్టిన అయాన్‌ను పక్కకు వంచి లెక్కిస్తారు. సెకనుకు 20 అయాన్లతో రాగి-78ని ఇలా కొలిచారు. దీనికి 10⁻⁹ మిల్లీబార్ స్థాయి శూన్యం అవసరం, లేకపోతే మిగిలిన వాయువుతో ఢీకొని లేజర్ లేకుండానే అయాన్లు పుడతాయి. రెండు లేజర్ పల్సులు ఒకేసారి పడితే బలమైన రెండోది స్థాయిని జరుపుతుంది, కాబట్టి దాన్ని కాస్త ఆలస్యంగా పంపుతారు.

నోబెలియం-254 విషయం ఇంకా కఠినం. జర్మనీలోని జీఎస్‌ఐ ప్రయోగశాలలో సీసం మీదికి కాల్షియం-48 పంపి సెకనుకు కొద్ది పరమాణువులు తయారుచేసి, ఆర్గాన్‌లో ఆపి, లోహతీగ మీద పోగేసి, తీగను వేడిచేసి లేపి, రెండు అంచెల్లో అయనీకరించి ఆల్ఫా క్షయంతో గుర్తించారు. 51 సెకన్ల అర్ధాయుష్షు ఉన్న మూలకంలో 2016లో గీత దొరికింది. వాయువులో గీత వెడల్పు గిగాహెర్ట్జ్‌ల్లో ఉంటుంది, కానీ అంత బరువైన కేంద్రకంలో మార్పులూ పెద్దవే కాబట్టి చెల్లిపోయింది.

ఇప్పటిదాకా ఊహించని ఫలితాలేమైనా వచ్చాయా?

పాదరసం పేరు ముందు చెప్పాలి. 1972లో తేలికైన పాదరసం ఐసోటోపుల్లో 187 నుంచి 185కు వచ్చేసరికి వ్యాసార్ధం ఒక్కసారిగా ఎగబాకింది. బేసి ఐసోటోపులు 181, 183, 185 బాగా సాగి ఉంటే, వాటి మధ్యనున్న సరివి దాదాపు గుండ్రంగా ఉన్నాయి. ఒక్క న్యూట్రాన్ తీస్తే ఆకారం మారి, ఇంకొకటి తీస్తే తిరిగి వస్తోంది. ఈ ఊగిసలాట 181తో ఆగిపోతుందని 2018లో, 177 వరకు కొలిచాక తేలింది.

హీలియం-6 ఆవేశ వ్యాసార్ధం 2.07 ఫెమ్టోమీటర్లు, హీలియం-8ది 1.93. న్యూట్రాన్లు ఎక్కువున్నదే చిన్నది. హీలియం-6లో రెండు న్యూట్రాన్లు తరచు ఒకేవైపు చేరడంతో ప్రోటాన్లున్న గర్భం ఎదురువైపు తూలుతుంది. హీలియం-8లో నాలుగు న్యూట్రాన్లు చుట్టూ సర్దుకోవడంతో ఆ తూలుడు తగ్గుతుంది. ఇక కాల్షియం-52 వ్యాసార్ధం 2016లో కొలిచినప్పుడు సిద్ధాంతాలు చెప్పినదానికంటే బాగా పెద్దదిగా వచ్చింది. 32 న్యూట్రాన్ల దగ్గర న్యూట్రాన్ల పొర నిండి కేంద్రకం బిగుసుకుంటుందన్న మాటకు అది ఇబ్బందే.

లేజర్‌తో నేరుగా కేంద్రకాన్నే ఉత్తేజపరచలేమా?

ఎక్స్-కిరణ లేజర్లను పక్కన పెడితే, థోరియం-229 ఒక్కదానిలో కుదిరింది. దాని మొదటి ఉత్తేజిత స్థాయి 8.36 ఎలక్ట్రాన్‌వోల్టులే, అంటే 148.4 నానోమీటర్ల శూన్య అతినీలలోహిత కాంతి. థోరియం కలిపిన కాల్షియం ఫ్లోరైడ్ స్ఫటికంలో 2024లో దీన్ని సాధించారు. మిగతా కేంద్రకాలకు సాధారణంగా వేల, లక్షల ఎలక్ట్రాన్‌వోల్టులు కావాలి.

కళాశాల ప్రయోగశాలలో ఇందులో ఏదైనా చేయవచ్చా?

రుబీడియంతో చేయవచ్చు. 780 నానోమీటర్ల డయోడ్ లేజర్, రుబీడియం ఆవిరి గాజుగొట్టం, ఫోటోడయోడ్, పౌనఃపున్యం గుర్తులకు ఒక ఫాబ్రీ-పెరో ఎటలాన్ చాలు. లేజర్ మోడ్ దూకకుండా, అంటే పౌనఃపున్యం హఠాత్తుగా గెంతకుండా, ఎనిమిది గిగాహెర్ట్జ్‌లైనా తిరగాలి. అప్పుడు నాలుగు లోయలు కనిపిస్తాయి: అంచుల్లో ఉన్న రెండూ రుబీడియం-87వి, మధ్యవి 85వి. గది ఉష్ణోగ్రతలో ఒక్కో గీత డాప్లర్ వెడల్పు 510 మెగాహెర్ట్జ్.

అంచు లోయల మధ్య దూరం కొలిస్తే దాదాపు 6.55 గిగాహెర్ట్జ్ వస్తుంది, పుస్తకంలో ఉన్న 6.835 రాదు. పరికరం తప్పు కాదు. ఒక్కో లోయలో పైస్థాయి శిఖరాలు వేర్వేరు బలాలతో కలిసిపోయి, కేంద్రాన్ని లోపలికి లాగుతాయి. సంతృప్త శోషణ (ఎదురెదురుగా పంపిన రెండు లేజర్ పుంజాలతో డాప్లర్ వెడల్పును తప్పించే) పద్ధతితో పైస్థాయి విడదీస్తేనే అసలు చీలిక దొరుకుతుంది. అందులో నకిలీ శిఖరాలు, అంటే క్రాస్‌ఓవర్లు, అసలు శిఖరాల సరిగ్గా మధ్యన వస్తాయి, తరచు వాటికంటే ఎత్తుగా కూడా. ముందు వాటిని గుర్తుపట్టి పక్కన పెట్టాలి.

87కు చీలిక 6835 మెగాహెర్ట్జ్‌ను 2తో, 85కు 3036ను 3తో భాగిస్తే స్థిరాంకాలు 3417, 1012. వాటిని స్పిన్‌లు 3/2, 5/2తో గుణించి నిష్పత్తి తీస్తే 2.026. అయస్కాంత భ్రామకాల అసలు నిష్పత్తి 2.033. మూడో దశాంశంలో మిగిలిన ఆ తేడా హైపర్‌ఫైన్ అసంగతం. కేంద్రకం లోపల అయస్కాంతత్వం రెండు ఐసోటోపుల్లో ఒకేలా పరుచుకోకపోవడమే దానికి ప్రధాన కారణం. దీన్ని మీ కొలతలో పట్టుకోవాలంటే చీలికలు వెయ్యిలో ఒక వంతు కంటే మెరుగ్గా రావాలి. స్కాన్ సరళరేఖలా ఉందనుకుని ఎటలాన్ గుర్తులు వాడకపోతే అది రాదు.